పన్ను కట్టడం

ఈవేళ సోమవారం.
గొందొమార్ నుంచి పోర్తో వెళ్ళే ఏడుంబావు బస్సు
నన్నెక్కించుకోకుండానే పోయింది.
డ్రైవరు ఒక్క క్షణం తలుపు తెరిచే ఉంచాడట,
కింది వాటా జెర్త్రూదిశ్ చెప్పింది,
ఎవరో పోయినంత మెల్లగా.

పంతొమ్మిదేళ్ళు పళ్ళు చేశాను.
మైనంలో చెక్కి, సుద్దలో పాతి,
మైనం కరిగి వెళ్ళిపోయిన దారినే లోహాన్ని పంపి.
ఎవరిదో తెలియని నోరు
పొద్దంతా నా బల్ల మీద తెరుచుకుని ఉండేది,
పక్కన చీటీ: నంబరు, రంగు, గడువు.
రొట్టెల కొట్టు అర్లిందు పగలబడి నవ్వితే
కుడివైపు లోపల నా పని తళుక్కుమనేది.
అది నాదే అనబోయి
ఆరు రొట్టెలివ్వండి అనేదాన్ని.
పన్ను మీద ఎవరు సంతకం పెడతారు?

వెండి మాత్రం రాత్రిళ్ళ సంగతి.
ఎంగిలి గిన్నెలు తీసేసిన వంటబల్ల మీద
వెలిగారం, టంకం, ఆకురాయి.
రాలిన పొడి తుడిచి, మళ్ళీ తుడిచి పడుకునేదాన్ని;
పొద్దున్నే కొడుకు పాలగ్లాసు పెట్టేది అక్కడే.
చేతికి మంచి కాలక్షేపం, అనేది మా అక్క.
ఆ మాటకి నా దగ్గర జవాబు ఉండేది కాదు,
సుత్తి ఉండేది.

తీగ లాగడం బెలర్మీను ముసలాయన నేర్పాడు.
కమ్మచ్చులో పెద్ద కన్నం, దాని పక్క కాస్త చిన్నది,
ఆ పక్క ఇంకా చిన్నది.
కాస్త లాగు, కాల్చు, మళ్ళీ లాగు.
కాల్చకుండా లాగావా, తెగుతుంది.
మనుషులూ అంతేనా అనడిగితే
మనుషుల సంగతి నాకు తెలీదు,
నేను వెండి గురించి చెప్తున్నా, అన్నాడు.
పోయే ముందు ఆ కమ్మచ్చు నాకిచ్చాడు.
చివరి కన్నం మూసుకుపోయింది, సూదితో పొడుచుకో.
అదే ఆయన వీలునామా.

ఎనిమిది నెలలకు సరిపడా దాచానని ఇంట్లో చెప్పాను.
లెక్క వేస్తే ఆరున్నర.

ఆఫీసులో అమ్మాయి కాగితాలు తిప్పుతూ
ఇకనుంచి మూణ్ణెల్లకోసారి మీరే పన్ను కట్టాలి, అంది.
నవ్వొచ్చింది.
పంతొమ్మిదేళ్ళు నేను కట్టిందీ పన్నే కదమ్మా,
ఊళ్ళోవాళ్ళ నోళ్ళలో.
ఇకమీదట సర్కారు నోట్లో.
ఆమె నవ్వలేదు.
మీ ముద్ర గీయండి దియొలిందగారూ, అంది,
మీరు చేసే ప్రతి వస్తువు మీదా పడేది ఇదే.
గోరంత గడి.
రెండు వేర్ల దవడపన్ను గీశాను.
బల్లకి అటువైపు నుంచి, తలకిందులుగా చూసి
కిరీటమా? అంది.
నేను దిద్దలేదు.

ఇప్పుడు పదైంది.
అక్కడ ఈపాటికి కాఫీ గంట కొట్టి ఉంటారు.
కాళ్ళు వాటంతటవే లేచాయి,
బుజ్జగించి కూచోబెట్టాను.
ఇంత వెలుతుర్లో ఎప్పుడూ చేయలేదు వెండి పని.
పగలు మంట రంగు కనపడదు.
చూస్తుండగానే చెవిపోగు అంచు కుంగి,
ముద్దయి,
మళ్ళీ మూసలోకి పోవాల్సిన సరుకైపోయింది.
కర్టెన్ వేశాను.
కాస్త రాత్రిని గదిలోకి తెచ్చుకుని
మళ్ళీ తీగ చుట్టాను.

మధ్యాహ్నం అర్లిందు వచ్చాడు, దవడ పట్టుకుని.
ఊడింది, అని గుప్పిట విప్పాడు.
పిండి అంటిన అరచేతిలో
పదేళ్ళ కిందటి నా పని,
నమిలి నమిలి నున్నబడి
నేను పెట్టిన మెరుగుకంటే అందంగా.
నేనిప్పుడవి చేయడం లేదండీ, అన్నాను.
తెలుసు, అన్నాడు,
చేసినవాళ్ళకొకసారి చూపిద్దామని.
నాదని మీకెవరు చెప్పారు?
ఎవరు చెప్పాలి,
నేను నవ్వినప్పుడల్లా నా మొహం కాదుగా నువ్వు చూసేది.

భూతద్దం కంటికి పెట్టుకున్నాను.
నోరు తెరవండి, అన్నాను,
దీపం ఇటు జరుపుతూ.